లోపలివాని సాక్ష్యం: సిద్ధాంతగ్రంథ రచనలో ఒక నైతిక సమస్య

పరిశోధకుడు తాను పరిశీలించే విషయానికి వెలుపల నిలబడాలన్నది విద్యాలోకంలో చిరకాలంగా ఉన్న భావన. తెలుగు శాఖలలో ఈ భావన మొదటినుంచీ కొంత ఇరుకులోనే ఉంది. కవిత్వంపై పరిశోధించేవారిలో కవులున్నారు. జానపద గేయాలను సేకరించినవారిలో ఆ పాటలు వింటూ పెరిగినవారున్నారు. కనుక సిద్ధాంతగ్రంథ రచనలోని ఒడుదొడుకులను కాలాభావం, గ్రంథాల కొరత, పర్యవేక్షకుని తీరిక వంటి లెక్కలతోనే కొలిస్తే అసలు చిక్కు కనబడదు. తాను ప్రేమించే విషయానికి ప్రతికూలంగా తానే సాక్ష్యం చెప్పవలసివచ్చినప్పుడు పరిశోధకుని ధర్మం ఏమిటన్నదే ఆ చిక్కు.

ఇందుకు చక్కని ఉదాహరణ సిరిసిల్ల ప్రాంతంలోనే ఉంది. 1931లో హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకొని, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చేసి, 1962లో డాక్టరేటు పొందారు. 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు' ఆయన సిద్ధాంతగ్రంథం. అప్పటికే ఆయన 'నాగార్జునసాగరం', 'కర్పూర వసంతరాయలు' కావ్యాలను వెలువరించిన కవి. ఆ 1962లోనే 'గులేబకావళి కథ' విడుదలై సినీగేయ రచయితగానూ పేరు తెచ్చింది. అంటే ఆయన పరిశీలిస్తున్న ఆధునిక కవిత్వంలో ఆయనకూ భాగముంది. తీర్పు చెప్పే పీఠమూ, తీర్పుకు నిలిచే బోనూ ఒక్కరివే అయ్యాయి.

గ్రంథనామంలోని రెండు మాటలను జతగా నిలపడమే ఒక ప్రతిపాదన. ప్రయోగం సంప్రదాయాన్ని తెంచుకొని పుట్టదనే దృష్టి గేయకథాకావ్యాలు రాస్తున్న కవికి అనుకూలమైనదే. అనుకూలమైనంత మాత్రాన అది అసత్యం కాదు. పైగా గేయపు నడకను చేతితో ఎరిగినవాడు పట్టుకోగలిగిన సూక్ష్మాలు వెలుపలివానికి అందవు. అయితే మనసుకు నచ్చిన సిద్ధాంతం విషయంలో ఆధారాలను మరింత కఠినంగా అడగవలసి ఉంటుంది. ఆ పని పరిశోధకుని తరఫున మరొకరు చేసిపెట్టలేరు.

ఇదే సమస్య నేటి పరిశోధక విద్యార్థికి మరో రూపంలో ఎదురవుతుంది. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రాన్ని విషయంగా ఎంచుకొన్న కోరుట్ల విద్యార్థిని ఒకరిని ఊహించవచ్చు. హనుమాన్ దీక్షతో మాల వేసుకొని గట్టెక్కిన కుటుంబం అతనిది. తప్పిపోయిన పశువును వెదుకుతూ వచ్చిన కాపరికి స్వామి కలలో కనిపించాడన్నది అక్కడి ఐతిహ్యం. ఆ కొండ సంజీవని పర్వతం నుంచి జారిపడిన శకలమన్నది మరొకటి. పురాణకథే మూలమనీ, కాపరి కథ తరువాత చేరిందనీ అతడు పరిశోధన ప్రణాళికలో రాశాడనుకొందాం. మొదటి ఏడాది ప్రతి కథనమూ ఆ ప్రతిపాదననే బలపరుస్తున్నట్లు తోస్తుంది. ఉత్సాహం పొంగే దశ ఇది, ప్రమాదకరమైనదీ ఇదే. ఏ ప్రశ్న వేస్తే ఏ జవాబు వస్తుందో పరిశోధకునికి అప్పటికి అలవాటై ఉంటుంది. ఆ తరువాత ఒక వృద్ధుడు సంజీవని మాట తానెన్నడూ వినలేదంటాడు. మరొకామె కూడా అదే చెబుతుంది. అధ్యాయం ఆగిపోతుంది. తోటివారి దృష్టిలో అది వెనుకబాటు. విచారణ నిజానికి అక్కడే మొదలయిందనవచ్చు.

కానీ కాలం ఆగదు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీస వ్యవధి 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. పునర్నమోదుతో మరో 2 ఏళ్లు. అతిథి అధ్యాపకునిగా పాఠాలు చెప్పుకొంటూ, ఇంటి బాధ్యత మోస్తూ రాసేవాడు ఐదో ఏట ప్రతిపాదన మార్చుకోవడం తేలికైన పని కాదు. అబద్ధం రాయనక్కర లేదు; ఆ రెండు కథనాలను 'పాఠాంతరాలు' అని అనుబంధంలోకి నెట్టితే చాలు. ఎవరూ తప్పుపట్టరు. ఈ నేరాన్ని నేరమనడానికి కూడా కష్టమే, ఎందుకంటే గ్రంథంలో ప్రతి వాక్యమూ నిజమే. ఇక్కడ పర్యవేక్షకుని బాధ్యత తక్కువది కాదు. గడువును మాత్రమే గుర్తుచేసే పర్యవేక్షకుడు ఆ అనుబంధానికి సహరచయిత అవుతాడు.

విద్యార్థి భక్తుడు కావడం దోషం కాదు. మాల వేసుకొన్నవాడు కనుకనే ఆ వృద్ధులు అతనితో మనసు విప్పి మాట్లాడి ఉంటారు. వారు తమవాడనుకొని చెప్పిన మాటను గ్రంథంలో ఏ పుటలో ఉంచాలన్నది పద్ధతి గ్రంథాలు తేల్చేది కాదు. మౌఖిక పరీక్షలో 'ఏమి కనుగొన్నారు' అని తప్పక అడుగుతారు. దొరికీ పక్కన పెట్టినది ఏమిటని అడిగే పరీక్షకులు అరుదు.