తలవెండ్రుకలు ఎరిగినవాడు అడిగెను



మన తలమీద వెండ్రుకలెన్నియో దేవుడెరుగునని మత్తయి సువార్త పదియవ అధ్యాయము బోధించుచున్నది. గని దిగు భర్తను సాగనంపిన ఇల్లాలు ఆ మాటవలన ధైర్యము తెచ్చుకొనును. ఈ నెల మేము దానిని మరియొక తట్టునుండి ధ్యానింపగోరుచున్నాము. వెండ్రుకల లెక్క దేవునిది. తల ఆ మనిషిది. మరి ఇతరులమైన మనకు దానిమీద హక్కెంత?

అదే సువార్త ఇరువదియవ అధ్యాయములో యెరికో దారిప్రక్కన ఇద్దరు గ్రుడ్డివారు కేకలు వేసిరి. వారికేమి కావలయునో చూచినవారికెల్ల తెలియును. అయినను ప్రభువు నిలిచి, వారిని పిలిచి, తాను చేయవలసినదేమో వారినే అడిగెను. వారు చెప్పిన పిమ్మట వారి కన్నులు ముట్టెను. ముందు ప్రశ్న, తరువాత చేయి. స్వస్థపరచు చేయియే ఈ క్రమమును పాటించినయెడల, వింత చూడగోరు చేయి మరెంతగా పాటింపవలెను!

మన కొత్తగూడెము ఒక్క జాతివారి ఊరు కాదు. ఈ ప్రాంతమున 1889లో ఇల్లందులో బొగ్గు త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. బొగ్గు వెంట పని వచ్చెను, పని వెంట పలుచోట్ల జనులు వచ్చిరి. చుట్టును కోయ గూడెములున్నవి. కావున ఒకరి జుట్టు, కట్టు, యాస మరియొకరికి క్రొత్తగా తోచుట సహజము. ఆశ్చర్యపడుట పాపము కాదు; దేవుడు అందరిని ఒకే అచ్చున పోయలేదు. అయితే కన్ను ఆశ్చర్యపడగానే చేయి చాచుట వేరు సంగతి. మన భాషయే ఇందుకు సాక్షి. జుట్టు పట్టుకొనిరనగా కలహమని అర్థము. పిలక చేత చిక్కినదనగా మనిషి లొంగిపోయెననుట. తలయెత్తుకొని తిరుగుటయే మర్యాద. తలను తాకుట అల్పమైన సంగతియని మన పెద్దలెన్నడును తలంపలేదు.

వింత కొరకు తలలు ముట్టిన చరిత్రయు మన దేశములో నున్నది. 1885 నుండి 1908 వరకు మద్రాసు మ్యూజియమునకు అధికారిగానున్న ఎడ్గార్ థర్‌స్టన్ దొర పలు ప్రాంతములు తిరిగి, కొలత పనిముట్లతో జనుల తలలను, ముక్కులను కొలిచెను. 1909లో వెలువడిన ఆయన ఏడు సంపుటములలో కోయలను గూర్చిన భాగమును కలదు. చచ్చిన జంతువులకు గడ్డి కూరి నిలుపునట్లు తమలో మేలైనవారిని ఏరి మ్యూజియములో నిలుపునని భయపడి, వయనాడులోని పణియ స్త్రీలు పారిపోయిరని ఆయనయే వ్రాసెను. ఆ భయమును చూచి నవ్వుట సులభము. అయితే అందులో ఒక నిజమున్నది. తమను మనుష్యులుగా గాక వస్తువులుగా చూచుచున్నారని ఆ స్త్రీలు కనిపెట్టిరి.

నేడు మన చేత ఆ పనిముట్లు లేవు. ఆ చూపు మాత్రము మిగిలియుండవచ్చును. భద్రాచలం రోడ్డు స్టేషనులో రైలెక్కి హైదరాబాదు చేరిన మనవారు అచ్చట ఆఫ్రికా దేశముల విద్యార్థులను చూతురు. ఆ నగరములో ఏసీ గార్డ్స్ అను పేట యున్నది. నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వికదళమునుబట్టి దానికా పేరు కలిగెను. ఆ సైనికుల సంతతివారు తరతరములుగా ఆ నగరవాసులే. అట్టివారి ఉంగరాల జుట్టులో వ్రేళ్లు దూర్చి, ఇది నిజమైనదేనా యని అడుగువాడు, పొరుగువానిని ఒక్క నిమిషములో పరదేశిగా చేయును. ఇంత దూరము పోనక్కరలేదు. క్యాన్సరు మందులవలన జుట్టు రాలిన సహోదరి తలగుడ్డను తొలగించి చూచుటయు, బడిలో ఒంటరిగానున్న కోయ బాలిక జడను పదిమందిలో లాగి చూచుటయు ఇట్టివే.

ప్రేమతోనే గదా తాకితిమని కొందరందురు. మనలో తాకుట ప్రేమయే. అమ్మమ్మ నూనె రాచి జడ వేయును, పెద్దలు తలమీద చేయి పెట్టి దీవింతురు. అయితే మనుమరాలు తానే వచ్చి అమ్మమ్మ ముందు కూర్చుండును. దీవెన కోరువాడు తానే తల వంచును. అచ్చట అనుమతి ముందే యున్నది. క్రొత్తవానియొద్ద అది లేదు. పదిమంది చుట్టు నిలిచి, ఒక్కసారి తాకవచ్చునా యని అడిగినయెడల, ఒంటరివాడు కాదని యెట్లు చెప్పగలడు? కావున అడుగుటయే చాలదు. కాదను స్వేచ్ఛ వానికి ఉండవలెను. అది లేనిచోట అడుగకుండుటయే మర్యాద.

గని దిగు కార్మికుని యొద్ద బీడీగాని అగ్గిపెట్టెగాని యున్నదేమోయని తనిఖీ చేయుదురు. దానికెవరును నొచ్చుకొనరు. ఏలయనగా అది అందరి ప్రాణరక్షణ కొరకు, అందరికి సమానముగా, ముందే తెలిసిన నియమము చొప్పున జరుగును. మన సరదాకు అట్టి అవసరమేమున్నది?

లూకా సువార్త ఏడవ అధ్యాయములో ఒక స్త్రీ తన తలవెండ్రుకలతో ప్రభువు పాదములు తుడిచెను. ఎవరును ఆమెను బలవంతపెట్టలేదు. ఆమె తానే ఇచ్చెను. ఆ యింటివాడు ఆమెను తప్పుపట్టగా, ప్రభువు ఆమె పక్షమున మాటలాడెను. ఆమె జుట్టు ఆమెది గనుకనే అది కానుక ఆయెను. లాగుకొన్నది కానుక కాదు.

కావున తలిదండ్రులారా, పొరుగు బిడ్డ తల ఆట వస్తువు కాదని మీ పిల్లలకు ఇంటిలోనే నేర్పుడి. మీ బిడ్డ తన తల తాకవద్దని చెప్పినప్పుడు, చుట్టమెదుటనైనను ఆ మాట నిలుపుడి. క్రొత్తవాడు మన మందిరమునకు వచ్చినప్పుడు అతని జుట్టును గాక, అతని పేరును, క్షేమమును అడుగుడి. అడిగి ముట్టిన ప్రభువు మన కన్నులకు ప్రేమను, మన చేతులకు ఓర్పును దయచేయును గాక. ఆమేన్.