విత్తేది ఫలాన్నే కదా

మా కదిరి చుట్టుపక్కల పల్లెల్లో గీత మీద ప్రవచనాలు ఎక్కువగా కార్తీకంలోనే పెడతారు. అప్పటికి చేలో వేరుశనగ బుడ్డలు పీకేసి, కట్టె వామి వేసి, కాయ మూటలకెత్తి ఉంటాం. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దని మాకు చెప్పే వేళకి ఆ ఫలం ఎంతో తేలిపోయి ఉంటుందన్నమాట. విత్తనం కోసం కమ్మలు కుదువ పెట్టే రోజుల్లో వచ్చి ఆ మాట చెప్పినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు.

గీతని కాదనే మనిషిని కాను. ఇంటాయన పోయాక అయిదెకరాల మెట్ట సేద్యం నా మీద పడింది. రాత్రి రెండో అధ్యాయంలో నాలుగు శ్లోకాలు చదువుకుంటేనే నాకు నిద్ర. అయినా అక్కడ నాకు కొరుకుడు పడని సంగతి ఒకటుంది.

జొన్నలయితే ఎకరాకు నాలుగైదు కిలోలు విత్తితే సరి. బుడ్డలకు అరవై కిలోల పైన కాయ కావాలి. పంట మూడు క్వింటాళ్ళే వచ్చిన ఏడు అందులో అయిదో వంతు మళ్ళీ మట్టిలో వెయ్యడానికే దాచిపెట్టాలి. వేయించుకుంటే తిండి, గానుగాడిస్తే నూనె, అమ్మితే రూకలు అయ్యేదాన్ని ఒలిచి గొర్రు వెంట జారవిడుస్తాం. ముందు కర్మ, తర్వాత ఫలం అంటారు పెద్దలు. మా చేలో ఫలం చేతిలో లేకుండా కర్మ మొదలే కాదు. అర్జునుడికి ఈ చిక్కు తెలిసే వీలు లేదులెండి. బుడ్డ దక్షిణ అమెరికా పంట, ఆయన దాని మొహం చూసి ఎరగడు.

ఇక నా నోటుపుస్తకం సంగతి. విత్తనం, సేద్యం, కలుపు, జిప్సం, మందులు, పీకే కూలి, కాయ తెంపే కూలి అన్నీ కలిపితే ఎకరాకు పాతిక వేలు దాటుతోంది. 2025-26కి ప్రభుత్వం కట్టిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. నాలుగు క్వింటాళ్ళు పండి ఆ ధరే దక్కితే 29,052. మూడే పండితే 21,789, అంటే ఇంట్లోది పెట్టి ఊరికి పండించినట్టు. ఆ ధర కట్టేటప్పుడు ఇంటివాళ్ళ కష్టానికీ కూలి లెక్కేస్తారు. మధ్యాహ్నమంతా కూచుని బొటనవేలు పుండయ్యేలా నేను ఒలిచిన కాయకి ఢిల్లీ కాగితాల్లో ఒక పద్దు ఉందంటే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం గౌరవమూ కలిగింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే సీమ మాది. అదైనా అదునుకి పడితే కదా. కొన్నేళ్ళు పశువుల నోటికి కట్టె తప్ప ఏమీ మిగలదు. ఆ కట్టె కోసమే విత్తేవాళ్ళూ ఉన్నారు.

గాంధీగారు 'అనాసక్తి యోగం' అని గీతకు అనువాదం చేసి, ముందుమాటలో ఒక మంచి మాట రాశారు. ఫలాన్ని వదలడమంటే ఫలితం ఏమైతేనేం అనుకోవడం కాదని, ఏం రావాలో, దానికి దారేమిటో, మనకు శక్తెంతో తెలిసే పని చెయ్యాలని ఆయన భావం. ఇది ఒప్పుకుంటాను. కానీ అప్పు మీద నడిచే సేద్యంలో ఇంకో పేచీ ఉంది. ఎరువులంగడి ఆయన వడ్డీ తేదీ ముందే రాసుకుంటాడు. ట్రాక్టరుకి గంట లెక్క. కమ్మలు బ్యాంకులో ఉంటాయి. కాయ పుట్టకముందే ఇంతమంది దాన్ని పంచేసుకున్నాక, నేను ఆశ వదులుకున్నానంటే ఎవరి సొమ్ము మీద వదులుకున్నట్టు? నాది కానిదాన్ని త్యాగం చెయ్యడానికి నాకేం హక్కుంది? రాజ్యం వదిలి అడవికి పోయినవాడికి వదలడానికి రాజ్యం ఉండింది. అప్పున్నవాళ్ళకి ఫలాపేక్ష కోరిక కాదు, అది మాట నిలబెట్టుకోవడం. నాకైతే అదే ధర్మంగా తోస్తుంది.

బీమా దగ్గర కర్మ సిద్ధాంతమే తలకిందులైంది. మా దగ్గర చాలా ఏళ్ళు వాతావరణం లెక్కన బీమా నడిచింది. పైరు మొహం చూడరు, మండలంలో వానమాపకం చెప్పిందే వేదం. అక్కడ వాన పడి మా ఊరి మీద మబ్బు దాటిపోయినా, నేనూ తడిసినట్టే జమ. ఎవరి కర్మ వాళ్ళు అనుభవిస్తారన్న మాట ఎంత పాతదో, మండలం కర్మ మనిషి అనుభవించడం అంత కొత్త. దీని మీద ఎవరైనా భాష్యం రాస్తే చదవాలని ఉంది.

బుడ్డ చెట్టు తీరే అంత. పూత పైన పూస్తుంది, ఊడ మట్టిలోకి దిగి కాయ లోపల కడుతుంది. నేల గట్టిపడితే ఊడ దిగదు. ఆ వారం పదిరోజులు మబ్బు కోసం చూసే చూపులో నిష్కామం ఉందని అబద్ధం చెప్పలేను. కదిరి నరసింహస్వామికి మొక్కుకుంటాను. మొక్కులు బేరాలని, భక్తి కాదని ప్రవచనం చెప్పే స్వామి ఒకరు కసిరారు. బేరమే కావచ్చు. కానీ కాయ చేతికొచ్చాకే తీర్చే బాకీ నాకు ఆ దేవుడి ఒక్కడి దగ్గరే ఉంది. రాకపోతే అడగడు. మిగతా అప్పులవాళ్ళంతా ఆయన పద్ధతి నేర్చుకుంటే నేను హాయిగా స్థితప్రజ్ఞురాలినై కూచుంటాను.

పీకుడయ్యాక ఊడ తెగి మట్టిలో ఉండిపోయిన కాయల కోసం కూలి ఆడోళ్ళు, పిల్లలు కొడవళ్ళు పట్టుకుని పరిగెకి వస్తారు. వాళ్ళు విత్తలేదు, అప్పు తేలేదు. నేను అడ్డుపెట్టను. త్యాగం అనిపించుకోవచ్చు గానీ, వాటిని తవ్వించాలంటే కూలే కాయ ధరని మించిపోతుంది. నిరుడు పీకే వేళకి నేల ఎండి చాలా కాయ లోపలే ఉండిపోయింది. ఈ ఏడు ఏరువాక ముందు విత్తనం చాలక వెతుక్కుంటుంటే, పరిగెకి వచ్చిన ఆమే ఒక చిన్న మూట తెచ్చింది. "మీ చేలోదే అక్కా, బాగా మొలుస్తుంది" అంది. ధర కూడా మండీలో కనుక్కునే వచ్చింది, రూపాయి తగ్గలేదు.