మరక వేరు, పాచి వేరు

ఇల్లు కట్టుకునేవాళ్లు హాలు గురించి ఆరునెలలు ఆలోచిస్తారు. వంటింటి గురించి మూడునెలలు వాదులాడుకుంటారు. స్నానాలగది సంగతి మాత్రం తాపీమేస్త్రీ వచ్చి అడిగిన పూట, వున్నపళంగా తేల్చేస్తారు. కారణం లేకపోలేదు లెండి. వచ్చినవాళ్లు హాల్లో కూర్చుంటారు, నాలుగువైపులా చూస్తారు, మెచ్చుకుంటారు. స్నానాలగదిని మెచ్చుకోవడానికి ఎవరొస్తారు కనుక!

నన్నడిగితే, ఇంట్లో వేదాంతం పుట్టవలసిన చోటంటూ ఒకటుంటే అది స్నానాలగదే. తలుపు గడియ వేసుకున్నాక అక్కడ మనం ఎవరి భార్యా కాదు, ఎవరి తల్లీ కాదు. నెత్తిన నాలుగు చెంబులు పోసుకునే ఆ కాసేపూ మనకి మనమే. అలాంటి చోట కాళ్లకింద నేల ఎలా వుండాలన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

నా స్నేహితురాళ్లిద్దరు ఈమధ్య ఇళ్లు కట్టుకుంటున్నారు. "తెల్ల టైల్సే వేయిస్తున్నానే, మురికి పడితే ఇట్టే కనిపిస్తుంది" అంది ఒకావిడ. "నేను గోధుమరంగు సిమెంటు గచ్చు చేయిస్తున్నా, మురికి పడినా కనిపించదు" అంది రెండో ఆవిడ. చూశారా, ఇద్దరి లెక్కా కనిపించడం, కనిపించకపోవడం మీదే వుంది! మురికిని బయటపెట్టే నేల మంచిదా, కడుపులో దాచుకునే నేల మంచిదా? దాచుకోవడం దయా, కపటమా? బి.ఏ.లో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో కూడా నన్ను ఇంత తిప్పలు పెట్టిన ప్రశ్న లేదు.

ముందు ఆ గోధుమరంగు గచ్చు సంగతి చెబుతాను. ఇప్పుడు రంగుల పుస్తకాల్లో అదేదో కొత్త ఫ్యాషన్ అన్నట్టు చూపిస్తున్నారు గానీ, మన అమ్మమ్మల ఇళ్లలో నున్నగా మెరిసిన ఎర్రగచ్చుకి అది స్వయానా చెల్లెలు. సిమెంటులో కలిపే పొడి పేరు ఐరన్ ఆక్సైడ్. ఎరుపు, పసుపు, నలుపు — మూడూ ఇనుము ఇచ్చే రంగులే. పాళ్లు మార్చి కలిపితే బెల్లం రంగు, వక్క రంగు, కుంకుడుకాయ రంగు, పాలు కాస్త ఎక్కువ పడ్డ కాఫీ రంగు — ఏది కావాలంటే అది వస్తుంది. ఎండకి వెలవదు, సిమెంటులోని సున్నపు గుణానికి చెడదు. కిలో సిమెంటుకి వంద గ్రాములు మాత్రం దాటనివ్వకూడదు, దాటితే గచ్చు బలం తగ్గుతుంది. వేసిన తర్వాత కనీసం వారం రోజులు తడి ఆరకుండా చూసుకోవాలి. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది నీళ్లు తాగి గట్టిపడుతుంది.

స్నానాలగదికి ఈ మట్టిరంగు ఈనాటిది కూడా కాదు. సుమారు నాలుగున్నర వేల యేళ్లనాడు మొహెంజోదారో ఇళ్లలో కాల్చిన ఇటికలు ఒరుసుకునేలా పేర్చి, నీళ్లు వీధికాలువలోకి పోయేలా వాలు పెట్టి, స్నానానికి అరుగులు కట్టుకున్నారు. ఎర్రమట్టి రంగు నేలమీదే వాళ్లు శుభ్రంగా బతికారు. స్నానాలగది పాలరాతి గుడిలా తెల్లగా తళతళలాడితేనే ఆరోగ్యమన్న పట్టుదల, రోగాలు క్రిముల వల్ల వస్తాయని పందొమ్మిదో శతాబ్దంలో తెలిసిన తరువాత పాశ్చాత్య దేశాల్లో బలపడి, మెల్లగా మనదాకా వచ్చింది.

ఇప్పుడొక తమాషా వినండి. బోరునీళ్లలో ఇనుము ఎక్కువుంటే తెల్ల టైల్సు మీద కుళాయి కింద ఎర్రటి చార కడుతుంది. ఇల్లాలి ప్రాణం వుసూరుమంటుంది. ఆ చార ఏమిటి? తుప్పు. రంగుల కొట్లో డబ్బులు పోసి కొని గచ్చులో కలిపే పొడి కూడా ఆ జాతిదే! తెల్లనేల మీద పడితే మరక అయింది, గచ్చులో కలిస్తే అందమైంది. తప్పు ఇనుముదా, నేలదా?

ఆ చారని వదిలించడానికి యాసిడ్ తెస్తాం. టైలు తట్టుకుంటుంది. టైలుకీ టైలుకీ మధ్య సందులో సిమెంటు తట్టుకోలేక కరిగిపోతుంది. తలుపు మూసిన గదిలో ఆ పొగ పీల్చి, ఒట్టి చేతులతో రుద్దే పనిమనిషి వేళ్లూ వూపిరితిత్తులూ ఎంతవరకు తట్టుకుంటాయో మనం అడగం. తెల్లదనం ఖరీదు టైల్సు బిల్లులో పూర్తిగా పడదు.

ఇది నేలతో పోతే బాగానే వుండును. మనుషుల్ని కూడా ఇలాగే తూస్తాం. ముఖ్యంగా ఆడపిల్లల్ని. నిశ్చయమైన పెళ్లి తప్పిపోతే మరక. వుద్యోగం మానేస్తే మరక. పిల్లలు ఆలస్యంగా పుడితే మరక. ఎవరికీ ఏ హానీ చేయని ఇలాంటి చారల్ని పోగొట్టాలని ఎంత యాసిడ్ పోస్తామో, ఆ పిల్ల మనసులో ఏ సందు కరిగిపోతోందో చూడం. ఇక్కడ నేను నిస్సందేహంగా గోధుమరంగు పక్షం. పసుపు పడ్డా, కుంకుడు రసం పడ్డా, "పోనీలే తల్లీ" అని తనలో కలుపుకునే నేల కావాలి మనకి.

అయితే కథ ఇక్కడితో అయిపోలేదు.

స్నానాలగదిలో మరకొక్కటే వుండదు, పాచి కూడా వుంటుంది. మరక కంటికి అసహ్యం. పాచి ప్రాణానికి ముప్పు. తెల్లనేల మీద పచ్చటి పాచి కనిపించి హెచ్చరిస్తుంది. ముదురురంగు నేలమీద అది కంటికి ఆనదు, కాలికి తెలుస్తుంది. ముసలికాలికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. డెబ్భై దాటిన మనిషి స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగితే, ఆ మంచం మళ్లీ ఎప్పుడు దిగుతారో, అసలు దిగుతారో లేదో! ఇంటింటా వింటున్నదే కదా.

జపాన్ రచయిత జునిచిరో తానిజాకి 1933లో నీడల అందాన్ని గురించి ఒక వ్యాసం రాశాడు. ఇల్లు కట్టించుకుంటూ, మెరిసే తెల్ల టైల్సు తనకి ఎందుకు నచ్చవో అందులో చెప్పాడు. వయసుతో నల్లబడే చెక్కలో వుండే శాంతి వాటిలో లేదన్నాడు. అంతవరకు నేనూ ఆయన వెంటే. కానీ అలాంటి చోట శుభ్రానికీ అశుభ్రానికీ మధ్య గీత మసకగా వుంటేనే మేలన్నాడు చూడండి, అక్కడ ఆగిపోయాను. ఆ గదిని రోజూ కడిగే మనిషి అలా అనలేదేమో!

ఎందుకంటే సంసారాల్లో కూడా పాచి వుంటుంది. చేయి చేసుకునే మొగుడు, ఇంట్లో తెలియకుండా పెరిగే అప్పు, నలుగురిలో కోడల్ని చులకన చేసే అలవాటు — ఇవి మరకలు కావు. "బయటికి పొక్కనీయకు తల్లీ, సర్దుకుపో" అని మనం పెద్దరికంగా చెప్పే మాట పాచిమీద గోధుమరంగు పూయడమే. పైకి ఇల్లు చక్కగానే వుంటుంది. లోపల కాలు పెట్టిన పిల్ల జారిపడుతుంది. పడ్డాక "చూసుకుని నడవద్దూ?" అంటాం!

కాబట్టి మరకకీ పాచికీ తేడా తెలుసుకోవడమే అసలు శుభ్రమని నాకు తోస్తుంది. దేన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యాలి, దేన్ని ఎవరేమనుకున్నా గీకి పారెయ్యాలి అన్నది కంటికంటే కాలినడిగితే బాగా చెబుతుంది. చూడ్డానికి ఎలా వుందన్నది వచ్చినవాళ్ల ప్రశ్న. అందులో నడిచే మనిషి జారకుండా వుందా అన్నది ఇంటివాళ్ల ప్రశ్న.

గోధుమరంగు గచ్చే చేయించుకోండి, అది చల్లటి పొద్దున్న కూడా కంటికి వెచ్చగా వుంటుంది. నీళ్లుపడే చోట మాత్రం అద్దంలా మెరుగు పెట్టించకండి, కాస్త గరుకుగా వుంచమని మేస్త్రీకి చెప్పండి. గజానికి అరంగుళం వాలు పెట్టించండి, నీళ్లు నిలవవు. దానిమీద యాసిడ్ పొయ్యకండి, సిమెంటుని తినేస్తుంది. మరక పడితే పడనివ్వండి. రెండురోజులకోసారి మాత్రం గట్టి బ్రష్షుతో మూలమూలలా రుద్దాలి, కనిపించినా కనిపించకపోయినా. ఆ పని ఒక్క ఇల్లాలి వంతే అయివుండాలని ఏ శాస్త్రంలోనూ లేదు. ఆ గదిలో ఇంటిల్లిపాదీ స్నానం చేస్తారు గదా!