చెట్లచాటున లెక్క
ధ్యానభాగము: ఆదికాండము 3:8–10, సామెతలు 28:13



పళని కొండలలో, సుమారు 7,000 అడుగుల ఎత్తున, కొడైకెనాల్ అను ఊరున్నది. 1845వ సంవత్సరములో మధుర ప్రాంతమున సేవచేయుచున్న అమెరికా మిషనరీలు మైదానములోని యెండకును జ్వరములకును తాళలేక అక్కడ ఇండ్లు కట్టుకొనిరి. తరువాత మన తెలుగు జిల్లాల మిషనరీలలో కొందరును వేసవిలో అక్కడికి పోవుచుండిరి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ప్రార్థనకూటము నిమిత్తము మేమును ఆ కొండ యెక్కితిమి.

ఒక ఉదయమున మంచు విడుచుచున్న వేళ నడచుచు గోల్ఫ్ మైదానము నొద్దకు వచ్చితిమి. ఆ క్లబ్బు 1895లో ఏర్పడినది. పచ్చికగల గుట్టలు, చుట్టును చెట్లు. అడవిదున్నలు సహితము అక్కడికి వచ్చి మేయును. పక్షుల కూతలు తప్ప వేరు సద్దు లేదు.

మన పిల్లల బిళ్ళంగోడువలె ఇదియు కర్రతో ఆడు ఆటయే. చిన్న తెల్లని బంతిని కొట్టుచు పోయి నేలలోని గుంటలో వేయవలెను. అట్టి గుంటలు 18. తక్కువ దెబ్బలతో ముగించినవాడే గెలుచును. అయితే సాధారణముగా ఆటగాని వెంట తీర్పరి యుండడు. ఎవని దెబ్బలు వాడే నిజముగా లెక్క చెప్పవలెను.

మేము చూచుచుండగా ఒక ముసలాయన బంతి చెట్లలోనికి పోయెను. ఆయన ఒంటరిగా లోపలికి పోయి, కొంతసేపటికి బంతిని బయటికి కొట్టి, తన స్నేహితునితో, “నా కర్ర తగిలి బంతి కదలినది, ఒక దెబ్బ ఎక్కువ వ్రాయుడి” అనెను. “ఎవరు చూచిరి?” అని స్నేహితుడు నవ్వెను. “నేను చూచితిని గదా” అని ఆయన ముందుకు సాగెను.

1925లో అమెరికా దేశపు గొప్ప పోటీలో బాబీ జోన్స్ అను ఆటగాడును ఇట్లే చేసెను. బంతి కొంచెము కదలుట ఇతరులు చూడకపోయినను, తనమీద తానే ఒక దెబ్బ వేసికొనెను. ఆ ఒక్క దెబ్బవలన పోటీ సమమై, తిరిగి ఆడినప్పుడు ఆయన ఓడిపోయెను.

ఆ నెమ్మదియైన స్థలములో మా నెమ్మది పోయెను. ఏలయనగా ఆ యేటి కోతపండుగ కానుకలలో 340 రూపాయలు తక్కువ వచ్చెను. ఎక్కడ పోయెనో తెలియక, సిగ్గుచేత, ప్రయాణపు ఖర్చని వ్రాసి లెక్క సరిపెట్టితిమి. సంఘము నమ్మి ఒప్పుకొనెను. ఆదాము చెట్లచాటున దాగెను. మేము పద్దుపుస్తకము చాటున దాగితిమి.

ఇంటికి వచ్చిన మొదటి ఆదివారము ఆరాధన ముగియగానే లేచి అంతయు చెప్పితిమి. రూపాయలు పెట్టెలో వేసితిమి. మా కాళ్లు వణకెను. అందరును మౌనముగా నుండిరి. అప్పుడు వెనుక చాపమీద కూర్చున్న ఒక అవ్వ, “వచ్చే పండక్కి నా కోడిపెట్టను మీ చేతికే ఇస్తానయ్యా” అన్నది.

ప్రియులారా, మనలో ఎవని తూనికరాయి తక్కువైయున్నది? ఎవడు గట్టు జరిపి పొరుగువాని చేను కలుపుకొనెను? ఎవరును చూడలేదని ధైర్యమా? పాపమును దాచువాడు వర్ధిల్లడనియు, ఒప్పుకొని విడుచువాడు కనికరము పొందుననియు సామెతలు బోధించుచున్నవి. జక్కయ్యను లెక్క అడిగినవారు లేరు. యేసు తన యింట అడుగుపెట్టగానే తానే లేచి లెక్క చెప్పెను.

ఆటలో ఒప్పుకొనిన దెబ్బ ఆటగాని లెక్కలోనే నిలుచును. సువార్తలో అట్లు కాదు. మనము ఒప్పుకొనిన దెబ్బలు మన ప్రభువు సిలువలో తనమీద వేసికొనెను. యెషయా 53వ అధ్యాయము చదువుడి. భయపడక నేడే చెట్లచాటునుండి బయటికి రండి. ఆయన పిలుచుచున్నాడు. ఆమేన్.