తెర వెనక బస్సూన్

బస్సూన్ రెండున్నర మీటర్ల చెక్క గొట్టం. మడిచి కట్టడం వల్ల మనిషి ఛాతీ ఎత్తుకి కుదురుకుంటుంది. సన్నాయికి లాగే నోటి దగ్గర రెల్లుబద్దల పీక. ఆ పీకని వాయించేవాళ్లే చాకు పట్టి గంటల తరబడి చెక్కుకుంటారు. ఆర్కెస్ట్రాలో ఎక్కువసేపు దాని పని అడుగున ఉండి పైస్వరాల్ని మోయడమే. దాంతో సోలోయిస్టుగా బతకడం చాలా కొద్దిమందికే సాధ్యం.

అయినా వివాల్డి దానికోసం 39 కన్చెర్టోలు రాశాడు, వాటిలో రెండు అసంపూర్తి. ఆయన 1703 నుంచీ వెనిస్‌లో పియెతా అనాథాశ్రమంలో పనిచేశాడు. అక్కడి ఆడపిల్లలు జాలీ వెనక నిలబడి వాయించేవారు. ఇంటిపేర్లు లేవు, వాయిద్యమే ఇంటిపేరు: వయొలిన్ అన్నా మరియా. పెళ్లి చేసుకుని వెళ్లిపోతే బయట కచేరీ చెయ్యనని మాటివ్వాలి. 1739లో వెనిస్ ఆశ్రమాల సంగీతం విన్న ఫ్రెంచి యాత్రికుడు షార్ల్ ద బ్రోస్, ఆ పిల్లలు వాయించేవాటిలో బస్సూన్‌నీ చెప్పాడు. కానీ ఈ కన్చెర్టోల రాతప్రతుల మీద కనిపించే పేర్లు మోర్జిన్, బియాంకార్డి. ఇద్దరూ మగవాళ్లే.

సంగీతం మిగిలింది కదా, పేరెందుకు అని అడగొచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పిహెచ్.డి. రోజుల్లో ఒక సంకలనానికి మౌఖిక కథనాలన్నీ నేనే రాసి, దిద్ది, ప్రూఫులు చూశాను. నా పేరు కృతజ్ఞతల్లో, టీ తెచ్చిన అబ్బాయి పేరు తర్వాత వచ్చింది. (అతనూ ఆ పుస్తకానికి పనిచేసినవాడే. అతని మీద నాకు కోపం లేదు.) పేరు ఆశించకపోవడం గొప్ప గుణమే కావచ్చు. కానీ వదులుకోవడానికి ముందు అది మన చేతికి రావాలి కదా. జాలీ వెనక పిల్ల చేసింది త్యాగమని ఎలా అంటాం?

ఇప్పుడు చాలా ఆర్కెస్ట్రాల ఎంపికలో మళ్లీ తెర కడతారు, ఆడో మగో తెలియకూడదని. బస్సూన్ అభ్యర్థి ఆ తెర వెనక సాధారణంగా మోజార్ట్ 1774లో రాసిన కన్చెర్టో వాయించాలి. వెనక వరసలో కుర్చీ కోసం సోలో! ఆనాటి జాలీ ఆడదాన్ని దాచింది. ఈ తెర ఆడదన్న సంగతిని దాస్తుంది. రెండోది మనకి మేలు చేసింది, కాదనను. అయినా కనిపించకుండా ఉంటేనే న్యాయం దొరకడం నాకు మింగుడుపడదు. వియన్నా ఫిల్హార్మోనిక్ స్త్రీలని సభ్యులుగా ఒప్పుకున్నది 1997లోనే.

జూడిత్ లెక్లేర్ 1981లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో ప్రధాన బస్సూన్ వాద్యకారిణి అయింది. 1995లో జాన్ విలియమ్స్ ఆమె కోసమే 'ఫైవ్ సేక్రెడ్ ట్రీస్' కన్చెర్టో రాశాడు. సోలో అయ్యాక ఆమె మళ్లీ తన కుర్చీలోకే వెళ్లింది. నాకు నచ్చింది అదే. నలుగురితో కలిసి మోయడం చిన్నతనం కాదు, మోసింది ఎవరో తెలిస్తే.

మొన్న ఆ సంకలనం పునర్ముద్రణకి వస్తోందని తెలిసి సంపాదకుడికి ఫోన్ చేశాను.

"ఏమ్మా, ఇన్నేళ్ల తర్వాత పేరు కోసమా?" అన్నారాయన.

"అవునండీ, పేరు కోసమే" అన్నాను.