రాయగిరి రాయి

ఒక వస్తువును జనం మనసారా ప్రేమించినంత మాత్రాన, దాని పుట్టుకలోని అన్యాయం మాసిపోతుందా? ఈ ప్రశ్న నాకు ఏ గ్రంథమూ వేయలేదు. మా విద్యార్థిని ఒకతె వేసింది. నల్లగొండ నుంచి పిల్లలను హైదరాబాదు తీసుకుపోయినప్పుడు, హుసేన్‌సాగర్ గట్టు మీద నిలబడి, నీళ్ళ నడుమనున్న బుద్ధ విగ్రహాన్ని చూపిస్తూ శిల్పాన్ని గురించి నాలుగు మాటలు చెబుతున్నాను. మునుగోడు వైపు పల్లె నుంచి వచ్చిన ఆ పిల్ల విగ్రహాన్ని చూడలేదు, నీళ్ళను చూసింది. "గిన్ని నీళ్ళున్నై గద సార్, తాగెటందుకు పనికిరావా?" అన్నది.

పనికిరావన్నాను. పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన ఈ చెరువు ఒకప్పుడు నగరం దాహం తీర్చింది. ఫ్యాక్టరీల మురుగు కూకట్‌పల్లి నాలా వెంట వచ్చి చేరిన తరువాత ఆ యోగ్యత పోయింది. జవాబైతే చెప్పాను గాని, నా శిల్పవ్యాఖ్యానం అక్కడితో ఆగిపోయింది.

ఆ బుద్ధుడు మన రాయే. భువనగిరి పక్కన రాయగిరి గుట్టల నుంచి తీసిన తెల్ల గ్రానైటు అది. 2016లో జిల్లాలు విడిపోక ముందు ఆ ఊరు నల్లగొండ జిల్లాలోనిదే. అమెరికాలో స్వేచ్ఛా విగ్రహాన్ని చూసి వచ్చిన నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుకు, మనకూ అటువంటిది ఒకటుండాలనే కోరిక కలిగింది. 1985లో పని మొదలైంది. గణపతి స్థపతి నాయకత్వంలో వందలమంది ఉలి పట్టారు. 58 అడుగుల ఎత్తు, సుమారు 350 టన్నుల బరువు. 1990 మార్చి 10న పడవ మీద చెరువులోకి తీసుకుపోతుండగా పడవ ఒరిగింది. విగ్రహం మునిగింది, దానితోపాటు పనివాళ్ళు మునిగారు. కొందరు తిరిగి రాలేదు. రెండేళ్ళకు పైగా బురదలో పడివున్న రాతిని 1992 డిసెంబరు 1న లేపి నిలబెట్టారు. రాయి లేచింది. మనుషులు లేవలేదు.

ఈనాడు హైదరాబాదు అనగానే చార్మినారు పక్కన కళ్ళకు కట్టేది ఆ బుద్ధుడే. కాబట్టి నా ప్రశ్న: ఈ ప్రేమ న్యాయమైనదేనా?

మనలో కొందరు మిత్రులు వెంటనే తీర్పు చెబుతారు. పాలకుడి ఆడంబరం కోసం, ప్రజాధనంతో, శ్రామికుల ప్రాణాల మీద లేచిన విగ్రహాన్ని ప్రేమించడం అజ్ఞానమంటారు. మరికొందరు, అందం అందమే, దానికి లెక్కలడగరాదంటారు. మొదటివారు జనాన్ని మరిచిపోయారు. రెండవవారు శ్రమను మరిచిపోయారు. ఆదివారం సాయంత్రం మొక్కజొన్న కంకి కొరుక్కుంటూ, భుజం మీద బిడ్డకు బుద్ధుణ్ణి చూపించే కూలివాడు ముఖ్యమంత్రి కీర్తికి మొక్కడం లేదు. ఆరు రోజుల చాకిరీ తరువాత దొరికిన గాలిని, వెలుతురును, ఆ విగ్రహం పేరుతో అనుభవిస్తున్నాడు. అతని ప్రేమను పాలకుడి ఖాతాలో జమకట్టడం అతనికి మనం చేసే అవమానం.

అయితే జనం ప్రేమ ఎప్పుడూ మతిమరుపేనా? ఇక్కడ బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని ఒక చిన్న కంచు బొమ్మ గుర్తుకు వస్తుంది. మూత్రం పోస్తున్న దిగంబర బాలుడు. మూరన్నర ఎత్తు కూడా ఉండడు. 1619లో జెరోమ్ డుకెన్వా అనే శిల్పి పోతపోశాడు. అంతకు ముందు నుంచే, పదిహేనో శతాబ్దంలోనే, అక్కడ ఆ పేరుతో ఒక నీటిధార ఉండేది. జనం అక్కడ మంచినీళ్ళు పట్టుకొనేవారు. ముందు దాహం తీర్చింది, తరువాత నవ్వించింది, ఆ తరువాతనే నగరానికి గుర్తయింది. వాడికి వేయికి పైగా దుస్తులు కుట్టించి పెట్టారు. అసలు బొమ్మను మ్యూజియంలో భద్రపరచి, బయట నకలును నిలబెట్టారు. ఆ ధార నుంచి రోజూ వేయి లీటర్లకు పైగా మంచినీరు మురుగులో కలుస్తున్నదని బయటపడినప్పుడు, 2019లో నీటిని మళ్ళీ తిప్పి వాడే ఏర్పాటు చేశారు. వాళ్ళు తమ బొమ్మను ప్రేమించారు, దానిని లెక్కా అడిగారు. ప్రేమకూ లెక్కకూ విరోధం లేదని ఆ చిలిపి బాలుడు నిరూపిస్తున్నాడు.

మరి మన లెక్క ఏమిటి? నల్లగొండ నగరానికి రాయి ఇచ్చింది. అంతటితో పోలేదు. నాగార్జునసాగర్ వెనుకనున్న కృష్ణా నీరు అక్కంపల్లి జలాశయం చేరి, కోదండాపురంలో శుద్ధి పొంది, 2004 నుంచి మన జిల్లా మీదుగానే హైదరాబాదుకు పోతున్నది. ఆ గొట్టాలకు దూరం కాని పల్లెలలో ఫ్లోరైడు బావినీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళు, నడుములు వంగినవాళ్ళు, చిన్ననాడే కాళ్ళు వంకరపోయినవాళ్ళు ఎందరో. ఫ్లోరైడును పటికతో, సున్నంతో విడదీసే పద్ధతికి ప్రపంచం "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టుకొన్నది. మన ఊరికి ప్రపంచంలో దొరికిన గుర్తు అది! 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది నిలబడి, బ్యాలెట్ కాగితాన్ని పుస్తకమంత చేసి, నీళ్ళడిగారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదినీటిని పల్లెలకు తెచ్చింది. అది మంచి పని. కాని ఆలస్యంగా వచ్చిన నీరు వంగిన ఎముకను నిటారు చేయదు.

ఇక్కడ బుద్ధుణ్ణే సాక్ష్యానికి పిలుస్తాను. తొలినాటి బౌద్ధ శిల్పులు ఆయన రూపం చెక్కలేదు. పాదముద్ర, ధర్మచక్రం, ఖాళీ ఆసనం చెక్కి ఊరుకొన్నారు. మన ఫణిగిరి గుట్ట మీదా ఆ పాదాలు దొరికాయి. ఖాళీ ఆసనం చూసినవాడు, ఇక్కడ ఎవరు లేరు అని అడిగి తీరాలి. దుఃఖానికి కారణమున్నదని, కారణాన్ని తొలగించవచ్చునని చెప్పిన మనిషికి అంతకన్నా తగిన గుర్తు లేదు.

హుసేన్‌సాగర్ బుద్ధుణ్ణి చూసినప్పుడు కూడా మనం అదే అడగాలి: ఇక్కడ ఎవరు లేరు? మునిగిపోయిన పనివాళ్ళు లేరు. రాయగిరిలో రాయి కొట్టిన చేతులు లేవు. తాగదగిన నీరు లేదు. ఈ లేనివాటిని తలుచుకొన్నంత మాత్రాన విగ్రహం వికారమైపోదు. అది అప్పటిదాకా పాలకుడిది, ఆ క్షణం నుంచి మనది.

కాబట్టి నా సమాధానం ఇది. ప్రేమ అన్యాయాన్ని కడగలేదు. కాని అన్యాయాన్ని గురించి అడిగే హక్కు ప్రేమించినవాడికే ఎక్కువ. ఆనాడు ఆ పిల్ల విగ్రహాన్ని వదిలి నీళ్ళను చూసినప్పుడు, నా పాఠం వినడం లేదని లోలోపల విసుక్కొన్నాను. పాఠం చెప్పింది ఆమే. మళ్ళీ పిల్లలను ఆ గట్టు మీదికి తీసుకుపోతే, రాయగిరి నుంచి మొదలుపెడతాను.