సంఖ్యయు ధర్మమును

ప్రభుత్వము చేసిన హత్యలను సామూహిక హత్య యనుటకు ఎన్ని శవములు కావలెను? బెంజమిన్ వాలెంటినో అను పండితుడు ఐదేండ్లలో 50,000 అని గీత గీసెను. 1948 డిసెంబరు 9 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక సంఖ్య నడుగదు. ఒక జాతిని, మతవర్గమును నిర్మూలించు ఉద్దేశమునే చూచును.

దానికి మూడు నెలల ముందే హైదరాబాదు సంస్థానమున పోలీసు చర్య జరిగెను. రజాకార్ల దౌర్జన్యము ముగిసెను. ముస్లిముల ఊచకోత మొదలయ్యెను. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ సంఘము మృతులు తక్కువలో తక్కువగా 27,000 నుండి 40,000 అని అంచనా వేసెను. మిక్కిలి నష్టపడిన నాలుగు జిల్లాలలో బసవేశ్వరుని కల్యాణమున్న బీదరు ఒకటి. కొన్నిచోట్ల సైనికులే మూకలను దోపిడికి పురికొల్పిరని నివేదిక చెప్పెను.

వాలెంటినో గీతను ఈ సంఖ్య అందుకొనదు. పోల్చి చూచుటకు పరిశోధకునకు గీత అవసరమే. పాలకునకు అది సాకు కారాదు. ఉద్దేశము తేల్చుటకైనను సాక్ష్యము వెలుగు చూడవలెను గదా! ఆ నివేదిక దశాబ్దములపాటు మరుగుననే యుండెను. హిందూ నేతగాండ్రు ప్రాణములొడ్డి తోటి ముస్లిము నేతగాండ్రను కాపాడినట్లు కూడ అందులోనే యున్నది.